ఆవుల్ని తోలుకొచ్చిందెవరు

మొన్న టీ అంగడి దగ్గర ఒకతను తన ఫోను నా ముఖం ముందు పెట్టి, "తాతా, నువ్వు వీడియోలో పడినావు చూడు" అన్నాడు. చూశాను. పేరు "వాన కురిపించిన సినిమా". ఉరుములు, మెరుపులు, వెనక ఎవరిదో గంభీరమైన గొంతు: "అనంతపురం కరవు సీమలో సైన్సుకు కూడా అందని ఒక రహస్యం..." మధ్యలో నేను కనిపించాను. "అవును, సినిమా ఆడినాం. వాన పడింది" అన్నాను. అంతే. నేను మాయమయ్యాను. మళ్ళీ ఉరుములు వచ్చాయి.

ఆ వీడియో తీసిన కుర్రవాడికి నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చెప్పాను. చరిత్రలో, సైన్సులో, యంత్రాల్లో, సినిమాల్లో ఎవరికీ తెలియని వింతలు వెతికి చెప్పడం అతని చానెల్ పని. లేపాక్షిలో నేలకు ఆనని స్తంభం మీద కూడా చేశాడట. మర్యాదస్తుడే. మజ్జిగ ఇస్తే తాగాడు, పోతూ పోతూ కాళ్ళకు దండం పెట్టాడు. కానీ నేను చెప్పినదాంట్లో "సినిమా" అన్న మాట, "వాన" అన్న మాట ఉంచుకుని, ఆ రెంటి నడుమ ఉన్న మనిషిని కోసి పారేశాడు. నేనూ ఫిల్ము కోసి అతికించిన వాణ్ణే. తెగిన చోట ఎంత కోస్తే కథ బతుకుతుందో, ఎంత కోస్తే చస్తుందో నా వేళ్ళకు తెలుసు. అతను కోసింది రెండో రకం.

అందుకే కలం పట్టాను. నాది బడి చదువు కాదు. పోస్టర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. తర్వాత చేతికి దొరికిన పుస్తకమల్లా చదివాను. తప్పులుంటే దిద్దుకోండి. మనిషిని మాత్రం మళ్ళీ కోయకండి.

ఈ కాలం పిల్లలకు టూరింగ్ టాకీసు అంటే ఏమిటో ముందు చెప్పాలి. అదొక డేరా. పాత వ్యాను మీద సామానంతా వేసుకుని ఊరూరూ తిరిగేవాళ్ళం. ఒక ప్రొజెక్టరు, ఒక జనరేటరు, సున్నం పూసిన దళసరి తెర, డేరా మీద రెండు మైకు గొట్టాలు. ఉన్నది ఒకే ప్రొజెక్టరు కాబట్టి ఒక రీలు అయిపోతే దీపాలు వేసి ఇంకో రీలు ఎక్కించేవాళ్ళం. ఆ సందులో జనం బీడీలు ముట్టించేవాళ్ళు, చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, ఒలుచుకునేవాళ్ళు, కూర్చునే చోటు కోసం తగవులాడుకునేవాళ్ళు. నేను ఆపరేటర్ని. మా యజమానిని అందరూ సావుకారు అనేవాళ్ళు. నోరు మంచిది. అంటే మంచి మాటలు చెబుతాడని కాదు, ఏ ఊళ్ళో ఏ మాట అమ్ముడుపోతుందో తెలిసిన నోరు.

ఆ ఏడాది కుందుర్పి దిక్కున ఒక ఊళ్ళో డేరా వేశాం. మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, చుక్క పడలేదు. దున్నిన చేలు దున్నినట్టే ఉన్నాయి. విత్తనం చెనిక్కాయ ఇళ్ళలో మూటల్లోనే ఉంది. మేత లేక ఊరి పశువుల్ని పడమటికి, కన్నడ సీమకు తోలుకుపోయారు మగవాళ్ళు. ఊళ్ళో మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చేయడానికి పనిలేని పడుచువాళ్ళు. పశువులు బతికున్నాయో లేదో చెప్పేవాడు లేడు.

మా సీమలో వాన మొండికేస్తే విరాటపర్వం ఆడిస్తారు. ధర్మరాజు ఉన్న చోట వానలు కురుస్తాయి, పంటలు పండుతాయి అని ఆ కథలోనే ఒక మాట ఉంది. అదీ నమ్మకం. దానికొక కట్టుబాటు కూడా ఉంది. మొదలుపెట్టిన కథ నడుమ ఆగకూడదు. ముఖ్యంగా కౌరవులు విరాటరాజు ఆవుల్ని పట్టుకుపోయే చోట. ఆవులు పగవాళ్ళ చేతిలో ఉండగా కథ ఆగిందంటే ఊరికి కీడు. అర్జునుడు వాటిని మళ్ళించి, ఇంటికి తోలుకొచ్చిందాకా కథ నడవాల్సిందే.

ఆ ఊరికి విరాటపర్వం ఆడేది ఒక తోలుబొమ్మలాట కుటుంబం. తాతల నాటి హక్కు. దాన్ని మిరాసీ అంటారు. కరవొచ్చినప్పుడు వాళ్ళు వచ్చి ఆడాలి, పంటొచ్చినప్పుడు ఇంటింటివాళ్ళూ కల్లంలో వాళ్ళకింత కొలవాలి. పిలిచి పెట్టే భిక్ష కాదది, వాళ్ళ పాలు, వాళ్ళ వాటా. ఆ కుటుంబానికి పెద్ద ఒక విధవరాలు. మొగుడు పోయాక ఆటను తనే నడుపుతోంది. మరిది మద్దెల, ఇద్దరు కూతుళ్ళు తాళాలూ వంత పాటలూ. ఇంట్లో మరాఠీ మాట్లాడుకునేవాళ్ళు, బొమ్మల చేత తెలుగు మాట్లాడించేవాళ్ళు. ఆమె గొంతు మాత్రం ఏ భాషలోనైనా గొడ్డలే.

వాన రాలేదని విని ఆమె పిలవకుండానే బండి కట్టుకుని వచ్చింది. వచ్చేసరికి ఊరి ముందర మా డేరా. దాని మీద విరాటపర్వం సినిమా పోస్టరు. మా సావుకారు అప్పటికే ఊరి పెద్దను పట్టేశాడు. కలికాలంలో కలికాలం పద్ధతినే పోవాలి, తోలుబొమ్మలు చూస్తే దేవుడికి గూడా నిద్రొస్తాది అని చెప్పాడు. ఊరి పెద్ద తలూపాడు.

నేను డేరా తాళ్ళు బిగిస్తున్నాను. ఆమె బండి దిగి నేరుగా ఊరి పెద్ద అరుగు దగ్గరికి పోయింది.

"ఏమప్పా, మా ఊర్లో మాకు చెప్పకుండా విరాటపర్వమా?"

"కాలం మారిందమ్మే" అన్నాడు ఊరి పెద్ద. "మీ అర్జునుడు తోలు. ఈ అర్జునుడు నడుస్తాడు, మాట్లాడతాడు, బాణమేస్తే నిప్పులు రాల్తాయి."

"మా అర్జునుడూ మాట్లాడతాడు. పట్నం నుంచి కూలి అడగడు, అంతే తేడా."

అరుగు మీదున్న పడుచువాళ్ళు నవ్వారు. ఊరి పెద్ద నవ్వలేదు.

"ఈసారికి పోయి రాండమ్మా. మళ్ళొకసారి చూద్దాం."

"మళ్ళొకసారి అంటే? ఒకసారి మిరాసీ తప్పితే తప్పినట్టే. రేపు పక్కూరోళ్ళు గూడా అదే మాటంటారు. మేము యాడికి పోవల్ల?"

ఆమెకున్న ఊళ్ళు అప్పటికే ఒకటొకటిగా జారిపోతున్నాయని నాకు తర్వాత తెలిసింది. ఈ ఊరు పోతే మిగిలేది బొమ్మల పెట్టె ఒకటే. ఆమె బండి తిప్పుకుని వెళ్ళిపోలేదు. ఊరి బయట రాళ్ళ గుట్ట పక్కన పొయ్యి రాజేసుకుని కూర్చుంది. "ఆయమ్మ ఎందుకు కూచునిండాది?" అని సావుకారు నన్నడిగాడు. "చూడ్డానికేమో సావుకారూ" అన్నాను. "టిక్కెట్టు లేకుండా లోపలికి రానియ్యొద్దు" అన్నాడు. ఆ రోజు ఆటకు టిక్కెట్టే లేదు. ఊరంతా చందా వేసుకుని ఆడించుకున్న ఆట అది. ఆ సంగతి ఆయనకు గుర్తే లేదు.

ఫిల్ము పెట్టె ఆ రోజు బస్సు మీద వచ్చింది. మామూలుగా పెట్టె రాగానే నేను చేసే మొదటి పని మూతలు తీసి రీళ్ళన్నీ చేత్తో తిప్పి చూసుకోవడం. ఎక్కడ చిరిగింది, ఎక్కడ అతుకు వదిలింది, ఏ రీలు ముందు, ఏది వెనక. ఆ చూపు లేకుండా ఏ ఆపరేటరూ ఆట మొదలుపెట్టడు. కానీ వచ్చింది మామూలు పెట్టె కాదట, విరాటపర్వమట. బస్సు దిగిన పెట్టెను ఎవరూ నా చేతికియ్యలేదు. మేళం పెట్టి ఊరేగించారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, పూజారి వచ్చి పసుపు దారంతో పెట్టె చుట్టూ కంకణం కట్టాడు.

"అన్నా, ఒకసారి తెరిచి చూడల్ల" అని నేను పూజారిని బతిమాలాను.

"దీపం పెట్టే యాళ వరకు కంకణం తెంపగూడదు."

"లోపల రీళ్ళు సరిగా ఉండాయో లేదో..."

"ఏమప్పా, మహాభారతం సరిగా ఉండాదో లేదో నువ్వు చూస్తావా?" అన్నాడు ఊరి పెద్ద. అందరూ నవ్వారు. సావుకారు కూడా నవ్వి, "వాడికి అనుమానమెక్కువ" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నా పనిలో ఎన్నో రకాల ఆటంకాలు చూశాను. జనరేటరులో నీళ్ళు పడ్డాయి, డేరా గాలికి లేచింది, ఒక ఊళ్ళో ప్రొజెక్టరులోకి బల్లి దూరింది. రీళ్ళకు కంకణం కట్టి నన్ను ముట్టనియ్యకపోవడం మాత్రం అదే మొదలు, అదే చివర. తెలివితక్కువతనానికి పసుపు రాస్తే భక్తి అయిపోతుందని ఆ రోజే నేర్చుకున్నాను.

చీకటి పడగానే కొబ్బరికాయ కొట్టి కంకణం తెంపారు. డబ్బాల మీద చీటీలు సరిగానే ఉన్నాయి, లోపల చూసుకునే వ్యవధి ఇవ్వలేదు. వరసగా ఎక్కించాను. జనం చేతులు జోడించి కూర్చున్నారు. ఊరి పెద్ద ముందు వరసలో పేము కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కీచకుణ్ణి భీముడు చంపే చోట ఈలలు వేశారు. తర్వాత కౌరవులు ఆవుల్ని మళ్ళించుకుపోయారు. తెర నిండా ఆవులు. దుమ్ము లేపుకుంటూ, మెడగంటలు మోగించుకుంటూ పోతున్నాయి. డేరాలో ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపు వినిపించింది. అది సినిమా ఏడుపు కాదు. వాళ్ళ ఆవులు నిజంగానే పడమటికి పోయి ఉన్నాయి. ఉత్తరుడు గొప్పలు చెప్పాడు, భయపడి పారిపోబోయాడు, అర్జునుడు పట్టుకుని జమ్మిచెట్టు దగ్గరికి తీసుకొచ్చాడు, చెట్టు మీది ఆయుధాలు దించాడు. రీలు అయిపోయింది. దీపాలు వేసి, తర్వాతి డబ్బా తెరిచి ఎక్కించి, దీపాలార్పాను.

తెర మీద ఒక అమ్మాయి గాజు గ్లాసు చేత పట్టుకుని నాట్యమాడుతోంది.

వెనక రంగురంగుల దీపాలు తిరుగుతున్నాయి. కోటు వేసుకున్నవాడు ఒకడు సిగరెట్టు పొగ వదిలాడు. పడుచువాళ్ళు ముందు నోరెళ్ళబెట్టారు, తర్వాత ఈలలే ఈలలు. చీటీ విరాటపర్వానిది, సరుకు ఇంకో సినిమాది. బస్సుకు ఎక్కించేటప్పుడే ఎవరో డబ్బాలు తారుమారు చేశారు. చివరి డబ్బా కూడా తీసి చూశాను. దాంట్లో మోటారు సైకిలు మీద దొంగలు.

నేను ఆపేశాను. చీకట్లోంచి ఒక ముసలి గొంతు వినిపించింది: "ఆవులేవి? ఏమప్పా, ఆవులు యాడ?"

అప్పుడు ఈలలు ఆగిపోయాయి. ఈలలు వేసిన వాళ్ళకూ అప్పుడే తట్టింది. కథ ఆగింది. ఆవులు పగవాళ్ళ చేతిలో ఉండగా ఆగింది.

ఆ భయాన్ని మీరు నవ్వులాటగా తీసుకోకండి. నేను నమ్మేవాణ్ణి కాదు, ఇప్పుడూ నమ్మను. కానీ మొగుడూ పశువులూ ఏ కొండల్లో ఉన్నారో తెలియని ఆడది "ఆవులు యాడ" అని అడిగితే, రీలు తారుమారైందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సావుకారు మైకు పట్టుకుని, "మిగతా భాగం రేపు చూపిస్తాం" అన్నాడు. ఆయన తల మీద ఎవరిదో చెప్పు పడింది. ఇంకో చెప్పు ప్రొజెక్టరు వైపు వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

ఊరి పెద్ద కుర్చీలోంచి లేచాడు. ఆయన భార్య ఆడవాళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చి ఆయన ముందు నిలబడింది. అంతకు ముందు ఆమె మగవాళ్ళ వైపుకు రావడం ఎవరూ చూడలేదట.

"గుట్ట కాడ ఆ బొమ్మలాటామె ఉండాది. పిలిపియ్యి."

"పొద్దున పొమ్మంటి కదనే..."

"ఇప్పుడు రమ్మను."

పిలిస్తే ఆమె వచ్చింది. పరుగెత్తుకుని రాలేదు. వక్కాకు నములుతూ, చెంగు సర్దుకుంటూ వచ్చింది. "నాకెందుకప్పా? మీ మిషను తోలుకొస్తాదిలే, ఉండండి" అంది.

"ఎగతాళి చేసే యాళ కాదమ్మా" అన్నాడు ఊరి పెద్ద. "జమ్మిచెట్టు కాడ ఆగింది. ఆడి నుంచి ఎత్తుకో. ఏం గావల్లో అడుగు."

"నాకు దుడ్లొద్దు. ఈ ఊరు మీదేనమ్మా అను. విరాటపర్వానికి గానీ, దేనికి గానీ, మీ ఇంటోళ్ళే వచ్చి ఆడల్ల, కల్లంలో మీ పాలు మీరు కొలుచుకోనుపోవల్ల అను. నా చెవిలో కాదు. దాంట్లో అను" అంటూ సావుకారు చేతిలోని మైకు చూపించింది.

ఊరి పెద్ద మైకులో అన్నాడు. ఒక్క మాట వదలకుండా అన్నాడు. డేరా మీద ఉన్న గొట్టాల్లోంచి ఆ మాట ఊరు దాటి, గుట్టలకు తగిలి, తిరిగి వచ్చి మళ్ళీ వినిపించింది. ఊరి తరఫున ఎవరైనా మైకులో మాటివ్వడం నేను అదే మొదటిసారి విన్నాను. సావుకారు మొహం మాడ్చుకుని వ్యాను దగ్గరికి పోయాడు.

ఇక పని. మా తెరకు సున్నం పూసి ఉంది, వెలుతురు దూరదు. బొమ్మలాటకు వెనక దీపం, ముందు పలచటి బట్ట కావాలి. వాళ్ళ తెరబట్ట దారిలో వానకు కాదు, ఎలుకలకు పోయిందట. ఊరి పెద్ద భార్య ఇంటికి పోయి పెట్టెలో దాచిన కొత్త పంచె తెచ్చింది.

"నా పంచెనా!" అన్నాడు ఆయన.

"ఆవులొచ్చినాంక కట్టుకుందువులే."

తుమ్మ ముళ్ళతో ఆ పంచెను గుంజలకు గుచ్చారు. నేను జనరేటరు తీగ లాగి వెనక ఒక బల్బు వేలాడదీశాను. ఆమె అర్జునుడి బొమ్మను బట్టకు ఆనించి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఈ దీపం కదలదు. ఆముదం దీపమైతే ఊగుతాది, బొమ్మకు ఊపిరొస్తాది. ఇది సచ్చిన దీపం."

"ఏం చేయమంటావక్కా?"

"నువ్వు ఊపు."

నేను బల్బు తీగ పట్టుకుని, ఆట అయిందాకా మెల్లగా ఊపుతూ నిలబడ్డాను. చేయి మార్చుకుంటూ ఊపాను. సినిమా మిషను నడిపేవాణ్ణి తోలుబొమ్మలకు గాలి విసిరేవాడిగా మారిపోయాను. ఆ పనికి ఉద్యోగాల లిస్టులో పేరు లేదు.

బట్ట వెనక నుంచి నేను చూసినది ఏ వీడియోలోనూ లేదు. ఆమె కూర్చోలేదు. ఒక చేత అర్జునుడు, ఇంకో చేత ఉత్తరుడు, కాలి కింద ఒక చెక్క. రథం పరుగెత్తాలంటే ఆ చెక్కను టకటకమని తొక్కుతుంది. ఉత్తరుడికి పిరికి గొంతు, భీష్ముడికి గుహలోంచి వచ్చే గొంతు, అన్నీ ఆమే. నడుమ హాస్యపు బొమ్మలు రెండు వచ్చాయి, జుట్టుముడి మొగుడూ గయ్యాళి పెండ్లామూ.

"ఏమే, ఆవులు యాడికి పాయె?" అని మొగుడు అడిగాడు.

"రేకు డబ్బాలో ఇరుక్కున్యాయంట!"

"తియ్యరాదూ?"

"తీస్తే సిగరెట్టోడు బయటికొచ్చినాడు!"

బట్టకు అవతల జనం పగలబడి నవ్వారు. ఆ తర్వాత యుద్ధం. ఏ జాములోనో ఆవులు మళ్ళాయి. ఒక్కొక్క ఆవు బొమ్మా పంచె మీద పడమటి నుంచి తూర్పుకు నడిచింది. ఆమె వాటిని పేర్లతో పిలిచింది. గౌరి, లచ్చిమి, మచ్చల ఎద్దు. అవి భారతంలో ఉన్న పేర్లు కావు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గరికి నిప్పు కోసం వచ్చిన ఆడవాళ్ళను అడిగి తెలుసుకున్న పేర్లు, ఆ ఊరి పశువుల పేర్లు. బట్టకు అవతల ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఆడగొంతు "ఓ" అని పలికింది.

ఇప్పుడు వాన సంగతి. కొన్నాళ్ళకు వాన పడింది. అది అబద్ధం కాదు. దాన్నే పట్టుకుని మా సావుకారు వ్యానుకు మైకు కట్టి, "వాన కురిపించిన చిత్రం" అంటూ కదిరి దాకా ఊరూరూ తిరిగాడు. ప్రొజెక్టరుకు పూలదండ వేశాడు. ఆ కుర్రవాడు వీడియోకు పెట్టిన పేరు మా సావుకారు పెట్టిందే. అంత పాత అబద్ధానికి కొత్త ఉరుములు తగిలించి వింత అంటున్నాడు.

వాన ఎక్కడి నుంచి వస్తుందో నేను పుస్తకాల్లో చదువుకున్నాను. నైరుతి గాలి పడమటి కనుమల మీద తన బరువంతా దించేసి, మన మీదికి వచ్చేసరికి ఒట్టి చేతులతో వస్తుంది. తూర్పు గాలి వచ్చేసరికి సముద్రం దూరమైపోతుంది. నడుమ పడ్డ పీఠభూమి మనది. ఆ గాలికి సినిమా తెలియదు, తోలుబొమ్మ తెలియదు. ఆ వాన ఎవరూ తేలేదు. కాబట్టి వాన ఎవరు తెచ్చారన్నది వెర్రి ప్రశ్న. అది సైన్సుకు అందని రహస్యం కాదు, సైన్సు ఎప్పుడో చెప్పేసిన సంగతి. ఆ రోజు పని ఎవరు చేశారు, వాళ్ళకు ఏం మాట ఇచ్చారు అన్నదే అసలు ప్రశ్న. దాన్ని ఎవరూ అడగరు. మాట తప్పడం ఎవరికీ వింత కాదు కదా!

వాన పడ్డాక చావిడిలో సావుకారుకు సన్మానం పెట్టారు. ఆమె కూడా వచ్చి ఒక పక్కన నిలబడింది. శాలువా కప్పడం అయిపోయాక, "నా సంగతేందప్పా?" అని అడిగింది.

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "సినిమా చాలా మటుకు ఆడింది. నువ్వు గూడా ఏదో కాసేపు బొమ్మలాడిస్తివి. కాదన్లేదు. ఇదో, ఈ చీర తీసుకో."

"చీర అడగలేదే నేను. మైకులో ఏమంటివి?"

"ఏదో యాళలో ఏదో అంటాం. దాన్ని పట్టుకోని యాలాడతావా? ఇంక మీదట సినిమానే ఆడించల్లని తీర్మానం జేసినాం."

నేను ముందుకొచ్చాను. "పెద్దప్పా, మా మిషను ఆవుల్ని వదిలేసి వచ్చింది. తోలుకొచ్చింది ఆయమ్మ" అన్నాను.

సావుకారు శాలువాలోంచే తల తిప్పాడు. "ఏమ్రా, నా ఉప్పు తిని నన్నే అంటావా? నీకెవురు చెప్పినారు మాట్లాడమని? పోయి మిషన్లో బొగ్గు కడ్డీలు చూసుకో."

"కడ్డీలు నువ్వే చూసుకో సావుకారూ" అన్నాను. నా ఉద్యోగం అక్కడితో అయిపోయింది. పెద్ద త్యాగమేమీ కాదు. ఆ ఉద్యోగంలో జీతం కంటే తిట్లే సక్రమంగా వచ్చేవి. ఆమె మాత్రం చీరను మడత విప్పకుండా అరుగు మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోతుంటే ఆమె అంత నిమ్మళంగా ఎలా నడిచిందో నాకు అర్థం కాలేదు. ఆమెకేదో తెలుసు, నాకు తెలియదు.

ఆ తర్వాత నేను ఆ ఊళ్ళలోనే ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తూ తిరిగాను. టౌను థియేటరులో ఆపరేటరుగా కుదిరి, అది మూతపడిందాకా పనిచేసింది తర్వాతి కథ. ఆ ఏడాది చెనిక్కాయ అంతంతమాత్రంగా పండింది. ఏమీ లేనిదానికంటే మేలు. పడమటికి పోయిన పశువుల్లో కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు.

చెట్లు పీకి కల్లంలో కుప్పలు వేసిన రోజుల్లో నేను ఊరి పెద్ద బావి దగ్గర ఇంజను విప్పుకుని కూర్చున్నాను. పక్కనే కల్లం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు కోస్తున్నారు. అప్పుడు ఆమె బండి వచ్చింది. దిగింది. కల్లం అంచున ఒక దుప్పటి పరిచి, కూర్చుని, వక్కాకు నమలసాగింది. ఏమీ అడగలేదు.

ఊరి పెద్ద లేచి వచ్చాడు. "చావిట్లో చెప్పింది ఇనపల్యా నీకు?"

"ఇన్యా. మైకులో చెప్పింది గూడా ఇన్యా. నేను దానికొచ్చినా."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఇంతలో ఆయన భార్య కుప్ప దగ్గర నుంచి చేట నిండా కాయలు ఎత్తుకుని వచ్చి, ఆయన్ను దాటుకుని, దుప్పటి మీద పోసింది.

"ఎవురు పొయ్యమన్యారు నిన్ను?" అని అరిచాడు ఆయన. "తీర్మానమైపోయిండాది!"

"ఎవురు జేసినారు తీర్మానం?" ఆయన భార్య ఖాళీ చేట దులుపుతూ అడిగింది. "ఆవులు ఇంటికొచ్చేది మీలో ఒక్కడన్నా చూసినాడా? సావుకారు వ్యానులో పండుకున్యాడు. పూజారి గుంజకానుకోని తూగినాడు. నువ్వు కుర్చీలో నోరు తెరుసుకోని గుర్రు పెడతాంటివి. మేము మేలుకోనుంటిమి."

పంచె వెనక నిలబడి బల్బు ఊపిన నాకు అవతల ఏం జరిగిందో అప్పుడే తెలిసింది. ఊరి పెద్ద చుట్టూ చూశాడు, తన వైపు మాట్లాడేవాడు ఎవడైనా ఉన్నాడేమోనని. కాయలు కోస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే కాయలు నింపిన చేటలు పట్టుకుని లేస్తున్నారు.